నాన్న గీత కొట్టేసిన పద్దులు

ప్రశ్న: ఆపా, అస్సలాము అలైకుం. మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నాన్నది పరుపుల కొట్టు. మొదట్లో విల్లు పట్టుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు, తర్వాత మెషిన్ పెట్టాడు. ఆరు నెలల కిందట చనిపోయాడు. నాన్న జుమ్మా (శుక్రవారం నమాజు) మానేవాడు కాదు. రంజాన్‌లో రోజాలన్నీ (ఉపవాసాలు) ఉండేవాడు. మామూలు రోజుల్లో మాత్రం ఐదు పూటల నమాజు చేసేవాడు కాదు, కొట్టు వదిలి రాలేనని అనేవాడు. కానీ మంచం పట్టిన ముసలివాళ్ళ పరుపు అట్టకట్టిందని తెలిస్తే ఇంటికి వెళ్ళి తెచ్చి, విప్పి, దూది మళ్ళీ ఏకి కుట్టి ఇచ్చేవాడు. డబ్బు అడిగేవాడు కాదు. అప్పు తీర్చలేనివాళ్ళ పద్దులు ఖాతా పుస్తకంలో గీత కొట్టేసేవాడు.

అన్నకు మూడేళ్ళుగా దీన్ (మతం) మీద శ్రద్ధ పెరిగింది. ఐదు పూటలా మస్జిద్‌లోనే నమాజు. దానికి నాకు సంతోషమే. కానీ నాన్న పోయిన నలభై రోజుల్లోపే, అమ్మ వింటుండగా, 'నమాజు లేని మనిషి ఎన్ని మంచి పనులు చేసినా ముందు ఒకటి లేని సున్నాలే' అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మ సరిగా అన్నం తినడం లేదు. అదే అన్న కొట్లో పనిచేసే ఇద్దరికి మూడు నెలల కూలి బాకీ పెట్టాడు. మస్జిద్‌లో ఏసీకి మాత్రం డబ్బిచ్చాడు. నాన్న గీత కొట్టేసిన పద్దులు కూడా బయటికి తీసి వసూలుకు తిరుగుతున్నాడు. నా వాటా సంగతి ఎత్తితే 'నీ పెళ్ళికి ఇచ్చాంగా' అంటాడు. ఇదంతా చూసి నాకు నమాజు మీదే మనసు విరిగిపోయింది. రెండు నెలలుగా చేయడం లేదు. ఎవరికీ చెడు చేయకుండా మంచిగా బతికితే చాలదా? ఈమాన్ (విశ్వాసం) ముఖ్యమా, అమల్ (కర్మ, ఆచరణ) ముఖ్యమా? మా నాన్న సంగతి ఏమిటి?

సమాధానం: వ అలైకుం అస్సలాం, చెల్లీ.

ముందు అమ్మ సంగతి చూద్దాం. నీ ప్రశ్నలకు జవాబు రేపు చదువుకున్నా నష్టం లేదు గానీ, అమ్మకు ఈ రెండు ముచ్చట్లు మాత్రం ఈ రోజే చదివి వినిపించు.

ఉసామా అని ఒక కుర్రవాడు, ప్రవక్త ముహమ్మద్ (స) కన్నబిడ్డలా చూసుకున్నవాడు. యుద్ధంలో ఒకడు కత్తి కిందికి వచ్చేసరికి 'లా ఇలాహ ఇల్లల్లాహ్' (అల్లాహ్ తప్ప వేరే దేవుడు లేడు) అన్నాడు. ఉసామా ఆగలేదు, చంపేశాడు. సంగతి ప్రవక్త (స) దాకా వెళ్ళింది. 'ప్రాణభయంతో అన్నాడు లెండి' అని ఉసామా సర్ది చెప్పబోయాడు. 'అతని గుండె చీల్చి చూశావా?' అని ప్రవక్త (స) అడిగారు. ఆ ఒక్క ప్రశ్నే మళ్ళీ మళ్ళీ వేశారు. ఇంతకంటే ఇవాళే ముస్లిం అయి ఉంటే బాగుండేదని ఉసామా అనుకున్నాడట, అంత కుంగిపోయాడు.

రెండోది. ఒక మనిషి ఇంకొకరి గురించి 'అల్లాహ్ మీద ఒట్టు, ఫలానావాణ్ణి అల్లాహ్ క్షమించడు' అన్నాడు. దానికి అల్లాహ్, 'నేను క్షమించనని నా మీద ఒట్టు పెట్టడానికి ఎవడితను? అతన్ని నేను క్షమించాను, నీ కర్మలే రద్దు చేశాను' అన్నాడు. ఇది సహీహ్ ముస్లిం అనే సంకలనంలో ఉన్న హదీసు, అంటే ప్రవక్త (స) చెప్పిన మాట. నీ అన్నకు తెలియంది కాదు, కానీ కన్నతండ్రి విషయంలో గుర్తుకు రాలేదు.

ఇక సున్నాల లెక్క. ఈ పోలిక మీ అన్న సొంతం కాదులే, మత ప్రసంగాలైన బయాన్‌లలో చాలాసార్లు విన్నాను. మొదట ఒకటి ఉండాలి, ఆ తర్వాత పెట్టిన ప్రతి సున్నా విలువను పదింతలు చేస్తుంది, ఒకటి లేకపోతే సున్నాలన్నీ వృథా. పోలికలో తప్పేమీ లేదు. తప్పల్లా మీ అన్న ఆ ఒకటిని గుర్తుపట్టడంలో ఉంది. ఆ ఒకటి ఈమాన్. నమాజు కాదు.

ప్రవక్త భార్య ఆయిషా (ర) ఒకసారి ఆయన్ను (స) అడిగారు. ఇస్లాంకు ముందు కాలంలో మక్కాలో అబ్దుల్లాహ్ ఇబ్ను జుద్ఆన్ అని పెద్ద దాత ఉండేవాడు, చుట్టాలను ఆదుకునేవాడు, పేదలకు అన్నం పెట్టేవాడు, అదంతా అతనికి పనికొస్తుందా అని. రాదు, 'ప్రభూ, తీర్పు రోజున నా పాపం క్షమించు' అని అతను ఒక్కనాడూ అనలేదు అన్నారు. చూడు, ఇక్కడ లేనిది నమాజని చెప్పలేదు. దేవుడి ముందు నిలబడే రోజు ఒకటుందన్న ఎరుక లేదని చెప్పారు. మీ నాన్న ప్రతి శుక్రవారం నిలబడ్డాడు. రంజాన్‌లో ఎండాకాలమైనా, నోట్లోకి దూది నూగు పోయే ఆ పనిలో, గుక్కెడు నీళ్ళు తాగకుండా సాయంత్రం దాకా ఉన్నాడు. ఎవరి కోసం ఉన్నాడు? ఆ ఒకటి లేకుండానే ఉన్నాడా?

ఇది నేను మీ నాన్న మీద జాలితో అంటున్న మాట కాదు. ముస్లింలు ఈ గొడవ పడి పదమూడు వందల ఏళ్ళు దాటింది. ప్రవక్త అల్లుడు, నాలుగో ఖలీఫా అలీ (ర) కాలంలో ఖవారిజ్ అని ఒక వర్గం బయల్దేరింది. పెద్ద పాపం చేసినవాడు అసలు ముస్లిమే కాడన్నారు. రాత్రంతా నమాజులు చేసి, ఖుర్ఆన్ చదివి నుదుళ్ళు కాయలు కట్టినవాళ్ళు వాళ్ళు. చివరికి వాళ్ళలో ఒకడే 661లో కూఫాలో, తెల్లవారుజాము నమాజుకు వచ్చిన అలీ మీద కత్తి దూశాడు. దీనికి పూర్తి ఎదురు దారిలో ముర్జియాలు వచ్చారు. గుండెలో నమ్మకముంటే చాలు, కర్మ ఎలా ఉన్నా ఈమాన్‌కు నష్టం లేదని వాళ్ళలో తీవ్రవాదులు అన్నారు. పాలకులకు ఈ మాట ఎంత హాయిగా వినపడి ఉంటుందో నువ్వే ఊహించుకో. పెద్ద పండితులు ఈ రెండు దారులనూ కాదన్నారు.

మన తెలుగు ముస్లింలలో ఎక్కువమంది అనుసరించేది ఇమాం అబూ హనీఫాను. 767లో బగ్దాద్‌లో చనిపోయారు. ఈమాన్ అంటే గుండెతో నమ్మడం, నోటితో ఒప్పుకోవడం అన్నారాయన. కర్మలు తప్పనిసరి, వదిలితే పాపం, కానీ వదిలినంత మాత్రాన మనిషి ఈమాన్ నుంచి బయటికి పోడు. ఇమాం షాఫిఈ, ఇమాం అహ్మద్ వంటివాళ్ళు కర్మ కూడా ఈమాన్‌లో భాగమే, మంచి చేస్తే అది పెరుగుతుంది, పాపం చేస్తే తరుగుతుంది అన్నారు. నమాజు విషయంలో ఇమాం అహ్మద్ బడి చాలా గట్టిగా మాట్లాడింది, అది నీ దగ్గర దాచను. కానీ మీ అన్న ఏ మస్జిద్‌లో చేతులు బొడ్డు కింద కట్టుకుని నిలబడుతున్నాడో, ఆ మస్జిద్ అనుసరించే ఇమాం లెక్కలో మీ నాన్న పాపం ఉన్న విశ్వాసి. పాపం లేనివాడు మన వీధిలో ఎవరున్నారో నాకైతే తెలియదు.

అబూ హనీఫా ఎవరనుకున్నావు? మస్జిద్‌లో మాత్రమే కూర్చున్న మనిషి కాదు, కూఫా బజారులో బట్టల వ్యాపారి. ఆయన గురించి అందరూ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. ఒక బట్టలో లోపముంది, కొనేవాళ్ళకు చెప్పి అమ్మమని భాగస్వామికి చెప్పారు. అతను మర్చిపోయి అమ్మేశాడు, కొన్నవాడెవరో దొరకలేదు. వచ్చిన డబ్బంతా ఇమాం దానం చేసేశారు. ఈమాన్‌కు నిర్వచనం రాసేటప్పుడు కర్మను వేరుగా పెట్టినాయన, బజారుకెళ్తే దాన్ని ఎక్కడ పెట్టాడో చూడు.

మీ నాన్న గీత కొట్టేసిన పద్దుల గురించి చదవగానే నాకు ఇంకో హదీసు గుర్తొచ్చింది. పూర్వం ఒక మనిషి లెక్క చూశారు. మంచి అన్నది ఏమీ దొరకలేదు, ఒక్కటి తప్ప. జనంతో అరువు వ్యాపారం చేసేవాడు, కలిగినవాడు, ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళను చూసీ చూడనట్టు వదిలేయమని పనివాళ్ళకు చెప్పేవాడు. అప్పుడు అల్లాహ్, వదిలేయడం అనే గుణానికి అతనికంటే మాకే ఎక్కువ హక్కుంది, ఇతన్ని వదిలేయండి అన్నాడు. నీ నాన్నకు ఇదే తీర్పు వస్తుందని నేను చెప్పలేను. చెబితే మీ అన్న చేసిన తప్పే నేను వేరే దిక్కు నుంచి చేసినట్టవుతుంది. కానీ అమ్మకు ఆశ పెట్టుకోవడానికి ఇంత ఆధారం ఉన్నప్పుడు, ఆమె అన్నం మానేయడం ఎందుకు?

అమ్మకు ఇదంతా చెప్పాక నీకొక మాట. నాన్న నమాజు వదలడం చిన్న విషయమని మాత్రం నా ఉత్తరంలోంచి తీసుకోవద్దు. మనిషికీ కుఫ్ర్‌కూ (అవిశ్వాసానికీ) మధ్య ఉన్నది నమాజు వదలడమేనని ప్రవక్త (స) అన్నారు. లెక్క మొదట నమాజు నుంచే మొదలవుతుందని కూడా హదీసుల్లో ఉంది. కొట్టు వదిలి రాలేనన్నది కారణం కాదు, నాన్నకూ అది తెలిసే ఉంటుంది. మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు అరుగు మీదే చాప పరిచేవాడు, నాలుగు రకాత్‌లు అయ్యేలోపు ఏ బేరమూ పారిపోలేదు. నాన్న చేసిన మంచికి గర్వపడు, వదిలినదానికి దువా (ప్రార్థన) చెయ్. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కప్పొద్దు.

ఇక మీ అన్న. అతని లెక్కలో 'ఒకటి' ఉంది, సున్నాలూ బోలెడున్నాయి. కానీ పోలికలో ఎవరూ చెప్పని ఇంకో సంగతుంది: సున్నాలను ఎదుటివాళ్ళు తీసుకుపోగలరు. దివాలా తీసినవాడు ఎవరో తెలుసా అని ప్రవక్త (స) తన సహచరులైన సహాబాలను ఒకసారి అడిగారు. డబ్బూ సామానూ లేనివాడు అన్నారు వాళ్ళు. కాదు, నా ఉమ్మత్‌లో (అనుచర సమాజంలో) దివాలా తీసినవాడు తీర్పు రోజున నమాజు, రోజా, జకాత్ (తప్పనిసరి దానం) అన్నీ మోసుకొస్తాడు, కానీ ఒకణ్ణి తిట్టి ఉంటాడు, ఒకడి మీద నింద వేసి ఉంటాడు, ఒకడి సొమ్ము తిని ఉంటాడు, ఒకణ్ణి కొట్టి ఉంటాడు, అతని పుణ్యాలు తీసి వీళ్ళందరికీ పంచుతారు, బాకీ తీరకముందే పుణ్యాలు అయిపోతే వాళ్ళ పాపాలు తెచ్చి ఇతని నెత్తిన వేస్తారు అన్నారు. నమాజు లేక దివాలా తీయలేదు, గమనించావా. నమాజులన్నీ ఉండి తీశాడు.

ఆ ఇద్దరి కూలి సంగతి ఇంకా సూటిగా ఉంది. తీర్పు రోజున ముగ్గురికి వ్యతిరేకంగా నేనే నిలబడతానని అల్లాహ్ అన్నట్టు బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. నా పేరు మీద మాటిచ్చి తప్పినవాడు, స్వేచ్ఛగా ఉన్న మనిషిని అమ్ముకుని ఆ సొమ్ము తిన్నవాడు, కూలికి మనిషిని పెట్టుకుని పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు. మనుషులను అమ్ముకునేవాడి పక్కన నిలబెట్టారు, మూడు నెలల కూలి ఆపినవాణ్ణి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న మాటను అందరూ గోడకు రాసి తగిలిస్తారు, ఈ మాటను మాత్రం ఎవరూ తగిలించరు.

మస్జిద్‌లో ఏసీ మంచిదే. జూన్‌లో గుంటూరు ఎండకు ఎవరైనా దువా ఇస్తారు. కానీ ఇతరుల కూలి చేతిలో పెట్టుకుని మస్జిద్‌కు ఇచ్చే డబ్బు ఎవరి డబ్బు? అల్లాహ్ పవిత్రుడు, పవిత్రమైనదే తీసుకుంటాడు అని హదీసు. పుణ్యం కట్టుకోవాలంటే మీ అన్న ముందు ఆ ఇద్దరి ఇళ్ళకు పోవాలి. మస్జిద్ వ్యవహారాలు చూసే ముతవల్లీ దగ్గరికి తర్వాత పోవచ్చు.

బుఖారీలోనే గుహ ముచ్చట ఉంది, చిన్నప్పుడు మదర్సాలో చెప్పే ఉంటారు. ముగ్గురు వానకు గుహలో దూరారు, బండ జారి దారి మూసుకుపోయింది. ఎవరి మంచి పని వాళ్ళు చెప్పుకుని దువా చేశారు. మొదటివాడు తల్లిదండ్రులకు పాలు పోయడం కోసం రాత్రంతా గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. రెండోవాడు అదుపు తప్పబోయిన చోట అల్లాహ్‌కు భయపడి లేచి వెళ్ళిపోయాడు. మూడోవాడి దగ్గర ఒక కూలివాడు కూలి తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ కూలిని పెట్టుబడిగా పెట్టి పెంచాడు, అది మందలైంది. ఏళ్ళ తర్వాత కూలివాడు వచ్చి అడిగితే, ఆ కనిపించే మందంతా నీదే తోలుకుపో అన్నాడు. 'నాతో వేళాకోళమా?' అన్నాడు వాడు పాపం. అప్పుడు బండ పూర్తిగా తొలగింది. మిగతా రెండింటికీ కాస్త కాస్త జరిగిన బండ, చివరికి తప్పుకున్నది ఒకడి కూలి దగ్గర. ఆ ముగ్గురిలో ఎవరూ నేను ఇన్ని రకాత్‌లు చేశానని చెప్పుకోలేదన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ గురించి ఒక మాట చెబుతారు. ఒకడు ఇంకొకణ్ణి చాలా మంచివాడని పొగిడాడట. నువ్వు అతని పొరుగున ఉన్నావా, అతనితో ప్రయాణం చేశావా, డబ్బు దగ్గర లావాదేవీ చేశావా అని ఉమర్ అడిగారు. దేనికీ లేదన్నాడు. అయితే మస్జిద్‌లో తల వంచడం, ఎత్తడం చూసి ఉంటావు, నీకు అతను తెలియదు పో అన్నారట.

ఖాతా పుస్తకం గురించి ఇప్పుడు. నేను మత తీర్పులు చెప్పే ముఫ్తీని కాను. ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు దీనియాత్ (మత పాఠాలు) చెప్పినదాన్ని, అంతే. కానీ ఈ విషయంలో సందేహమేమీ లేదు, కావాలంటే అన్ననే ఏ ముఫ్తీనైనా అడగమను. అప్పిచ్చినవాడు బతికుండగా తన ఇష్టంతో వదిలేస్తే ఆ అప్పు అక్కడితో తీరిపోయినట్టే. తర్వాత ఆయనే తిరిగి అడగడానికి లేదు, వారసులకు అసలే లేదు. గీత కొట్టని పద్దులు ఆస్తిలో లెక్క, వాటిని మర్యాదగా అడగొచ్చు. లేనివాళ్ళకైతే చేతికొచ్చేదాకా గడువివ్వమని ఖుర్ఆన్ రెండో సూరా (అధ్యాయం) 280వ ఆయతు (వాక్యం) చెబుతుంది, వదిలేస్తే మీకే ఇంకా మంచిది అంటుంది. గీత కొట్టినవాటికి ఇప్పటికే వసూలు చేసి ఉంటే తిరిగివ్వాలి. చేసిన సాయాన్ని దెప్పి, నొప్పించి మీ దానాలను పాడు చేసుకోవద్దని అదే సూరాలో 264వ ఆయతు. నాన్న తన దానాన్ని కాపాడుకునే పోయాడు. ఆయన పోయాక కొడుకు ఊరంతా తిరిగి దెప్పుతున్నాడు.

అలాగే నాన్న ఎవరికైనా బాకీ ఉన్నాడేమో కూడా ఆ పుస్తకంలోనే చూడండి. ఇది అందరూ మర్చిపోతారు. మీకు రావలసినదే వెతుకుతారు. దూది వేసిన సేటుకు బాకీ ఉందేమో, మెషిన్ రిపేరు చేసినవాడికి ఉందేమో. అప్పుతో పోయిన ఒక మనిషి జనాజా (అంత్యక్రియల కోసం శవం) వస్తే ప్రవక్త (స) నమాజు చేయించడానికి ముందుకు రాలేదు, మీరు చేసుకోండి అన్నారు. ఆ అప్పు నేను తీరుస్తానని సహచరుడు అబూ ఖతాదా (ర) పూచీ పడ్డాకే చేయించారు. షహీద్‌కు (అల్లాహ్ దారిలో ప్రాణమిచ్చినవాడికి) కూడా అన్నీ క్షమిస్తారు గానీ అప్పు క్షమించరని హదీసు. నాన్న నమాజుల గురించి మీ అన్నకు అంత బాధ ఉంటే, నాన్న కోసం అతను నిజంగా చేయగలిగిన మొదటి పని ఇది.

నీ వాటా సంగతి కొంచెం లెక్కతో చెబుతాను. ఆస్తి పంపకానికి ముందు జనాజా ఖర్చు, అప్పులు, వసీయత్ (వీలునామా) ఉంటే అది. మిగిలినదాంట్లో అమ్మకు ఎనిమిదో వంతు. నాన్న తల్లిదండ్రులు లేరని, మీరిద్దరే పిల్లలని అనుకుంటే, తక్కినది అన్నకు రెండు పాళ్ళు, నీకు ఒక పాలు. అంటే మొత్తాన్ని ఇరవైనాలుగు భాగాలు చేస్తే అమ్మకు 3, అన్నకు 14, నీకు 7. పెళ్ళికి ఇచ్చినది తండ్రి తన చేత్తో ఇచ్చిన కానుక, అది వాటాలోంచి తెగదు. కొంచెమైనా ఎక్కువైనా అది నిర్ణయమైన భాగమని నాలుగో సూరా 7వ ఆయతులో ఉంది. కొడుకుకు రెండింతలు అన్న ఆయతును మనవాళ్ళు గట్టిగా చదువుతారు, కూతురికి ఒక పాలు అన్నది కూడా ఆ ఆయతులోనే ఉందని గుర్తుండదు. 1937 షరియత్ చట్టం వల్ల ఇల్లు, కొట్టు విషయంలో కోర్టులో కూడా ఇదే లెక్క అడగొచ్చు. కానీ ముందు కోర్టు మాట ఎత్తకు. అమ్మకు తన ఎనిమిదో వంతు ఉందని అన్నకు గుర్తు చేస్తూ మొదలుపెట్టు. నీ మాటకంటే అమ్మ మాట అతన్ని తొందరగా కదిలిస్తుంది.

అతనితో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. పైన చెప్పిన హదీసులన్నీ తీసుకెళ్ళి అతని మొహాన కొట్టకు. నమాజుకు మొదలుపెట్టి మూడేళ్ళయినవాడు, కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత చెబుతారు కదా, ఆ ఉత్సాహంలో ఉన్నాడు. దాన్ని చల్లార్చొద్దు, మళ్ళించాలి. ప్రవక్తకు (స) ఒకణ్ణి గురించి ఫిర్యాదు వచ్చింది, రాత్రంతా నమాజు చేస్తాడు, తెల్లారితే దొంగతనం చేస్తాడని. అతన్ని నమాజు మానేయమనలేదు. ఆ నమాజే అతన్ని ఆపుతుంది అన్నారు. 'అన్నా, నాన్న లేని లోటు నువ్వే తీరుస్తున్నావు, ఆ ఇద్దరి కూలి ఈ జుమ్మాలోపు ఇచ్చేద్దాం' అని అడుగు. ఇచ్చేద్దాం అను, ఇవ్వు అనకు. వినకపోతే మీ మస్జిద్ ఇమాం సాబ్‌తో విడిగా మాట్లాడించు. ఏసీకి డబ్బు తీసుకున్నవాళ్ళకు ఈ బాధ్యత కూడా కొంచెం ఉంది.

ఇక నువ్వు. రెండు నెలలుగా నమాజు చేయడం లేదన్నావు. నీ కోపం నాకర్థమైంది, కానీ ఆ కోపం పోయి ఎవరి మీద పడిందో చూసుకో. అన్న మీద అలిగి నువ్వు అల్లాహ్‌తో మాట్లాడటం మానేశావు.

మంచిగా బతికితే చాలదా అని అడిగావు. ఖుర్ఆన్‌లో ఈమాన్ తెచ్చుకుని సత్కార్యాలు చేసినవాళ్ళు అన్న మాట దాదాపు యాభై చోట్ల వస్తుంది. రెండూ జంటగానే వస్తాయి, కాడికి కట్టిన ఎడ్లలాగా. వల్ అస్ర్ సూరా నీకు నోటికి వచ్చే ఉంటుంది, మూడే ఆయతులు. కాలం సాక్షిగా మనిషి నష్టంలో ఉన్నాడు, ఈమాన్ తెచ్చుకుని, మంచి పనులు చేసి, ఒకరికొకరు సత్యం గురించి, ఓర్పు గురించి చెప్పుకునేవాళ్ళు తప్ప. ఒకటి ఉంటే రెండోది మాఫీ అని ఎక్కడా లేదు. మీ అన్న ఒక సగం పట్టుకుని నాన్నను కొట్టాడు, నువ్వు రెండో సగం పట్టుకుని అన్నను కొడుతున్నావు.

నిజానికి నీ ఉత్తరానికి మొత్తం జవాబు ఇంకో చిన్న సూరాలో ఉంది. మాఊన్, 107వ సూరా, ఏడు ఆయతులు. తీర్పును అబద్ధమనేవాణ్ణి చూశావా అని మొదలవుతుంది. చూడలేదు, ఎలా ఉంటాడు అనుకుంటాం. విగ్రహాల గురించి చెబుతుందేమో అనుకుంటాం. కాదు, అనాథను గెంటేసేవాడు, పేదవాడికి అన్నం పెట్టమని చెప్పనివాడు అంటుంది. అంతటితో ఆగితే నీ వాదనే గెలిచేది. ఆగదు. తమ నమాజు పట్ల అశ్రద్ధగా ఉండే నమాజీలకు నాశనం, వాళ్ళు పదిమందికి కనపడటానికి చేస్తారు, మాఊన్ కూడా ఇవ్వరు అంటుంది. నమాజు వదిలేయమనలేదు, దాని పట్ల ఏమరుపాటుగా ఉండొద్దంది. ఒకే ఊపిరిలో అనాథ, అన్నం, నమాజు, మాఊన్. ఇందులో ఏది ముఖ్యమని అడగడానికి సందు ఎక్కడుంది?

మాఊన్ అంటే ఏమిటో తెలుసా? మేం ప్రవక్త కాలంలో చేదను, వంటగిన్నెను అరువు ఇవ్వడాన్ని మాఊన్‌గా లెక్కపెట్టేవాళ్ళం అని ప్రవక్త సహచరుడు ఇబ్ను మస్ఊద్ (ర) చెప్పారు. అంతే! పక్కింటివాళ్ళు అడిగితే బావి చేద ఇవ్వడం, గిన్నె ఇవ్వడం. మాది కడప వైపు. మా జేజి (అవ్వ) దగ్గర ఒక పెద్ద గుండిగ ఉండేది. వీధిలో ఏ ఇంట్లో శుభకార్యమైనా, తద్దినమైనా, హిందువులైనా ముస్లింలైనా అది వెళ్ళాల్సిందే. వెళ్ళిన ప్రతిసారీ ఒక సొట్టతో తిరిగొచ్చేది. మా అమ్మ గొణిగేది. జేజికి సూరాలు నాలుగైదే వచ్చు, వాటిలో మాఊన్ ఒకటి, అర్థం తెలియదు. పెద్దయ్యాక అర్థం చదివి నేనే ఆమెకు చెప్పాను, జేజీ, నీ గుండిగ ఖుర్ఆన్‌లో ఉందే అని. నమ్మలేదు. 'గుండిగ ఎందుకుంటాదే, పో' అంది.

మీ నాన్న పరుపు దూది ఏకి ఇవ్వడం కూడా అదే ఖాతాలోకి వస్తుందని నా నమ్మకం. మంచం పట్టినవాళ్ళకు అట్టకట్టిన పరుపు ఎంత నరకమో, వీపు పుండ్లు పడినవాళ్ళను చూసుకున్నవాళ్ళకు తెలుస్తుంది.

నిన్ను ఐదు పూటలకు ఒక్కసారిగా తిరిగి రమ్మంటే రాలేవేమో. ఐదూ ఫర్జే (తప్పనిసరే), అందులో రాయితీ ఇచ్చే అధికారం నాకు లేదు. కానీ ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి మగ్రిబ్‌తో మొదలుపెట్టు, మూడు రకాత్‌లే, పొద్దు కుంకే వేళ ఇంట్లో అందరూ చల్లబడి ఉంటారు. కొంచెమైనా ఎడతెగకుండా చేసే పనే అల్లాహ్‌కు ఇష్టమని ప్రవక్త (స) చెప్పారు. అదే హదీసులో, మీలో ఎవరూ తమ కర్మల వల్ల మాత్రమే బయటపడరని కూడా అన్నారు. 'మీరు కూడానా?' అని అడిగితే, 'నేను కూడా, అల్లాహ్ తన కరుణతో కప్పితే తప్ప' అన్నారు. ఈ రెండు మాటలు ఒకేచోట ఉండటం నాకు చాలా ఇష్టం. చేయి, కానీ చేసినదాన్ని చూపించి లోపలికి పోదామనుకోకు. ఇది మీ అన్నకు పనికొస్తుంది, నీకూ పనికొస్తుంది.

నాన్నకు ఏం చేయాలని అడగలేదు గానీ అడిగినట్టే ఉంది నీ ఉత్తరం. మనిషి చనిపోతే కర్మలు ఆగిపోతాయి, మూడు తప్ప: కొనసాగే దానం, నలుగురికి ఉపయోగపడే విద్య, దువా చేసే మంచి సంతానం. మూడోది నువ్వే. నమాజు మానేస్తే నాన్న కోసం సజ్దాలో (సాష్టాంగంలో) అడిగేవాళ్ళు ఒకరు తగ్గారు కదా, చెల్లీ. మొదటిదానికి పెద్ద డబ్బేమీ అక్కర్లేదు. కొట్లో మెషిన్ ఇంకా ఉందిగా. నాన్న ఏటా ఎవరెవరి పరుపులు ఏకి ఇచ్చేవాడో అమ్మకు గుర్తుంటుంది. ఆ ఇళ్ళ పేర్లు అమ్మను చెప్పమని ఒక కాగితం మీద రాసుకో. కూలి అందాక ఆ ఇద్దరు పనివాళ్ళకే ఈ పని కూడా అప్పజెప్పి, దానికి కూలి నువ్వు ఇవ్వు. చలికాలం వచ్చేలోపు రెండు పరుపులైనా పూర్తవుతాయి.

ఖాతా పుస్తకాన్ని మాత్రం అమ్మ పెట్టెలో పెట్టించు.